ఇరవై అయిదు నిమిషాల మర్యాద

ఏలూరులో అమరేశ్వరరావు ఇంటికి దారి అడిగితే ఆ కాలనీలో ఎవరైనా చెబుతారు. చెప్పాక, "మీకేవన్నా తొందర పని ఉందాండీ?" అని కూడా అడుగుతారు. ఉందంటే మాత్రం, ఇంకో రోజు వెళ్ళమని మెల్లగా సలహా ఇస్తారు.

అమరేశ్వరరావుకి యాభై తొమ్మిదేళ్ళు. పెదపాడు దగ్గర పన్నెండెకరాల వరిచేను, దాని పక్కనే ఒక చేపల చెరువు ఉన్నాయి. చెరువు కౌలుకిచ్చాడు, చేను మనుషుల చేత చేయిస్తాడు. అంచేత మిగిలిన కాలమంతా మర్యాద చెయ్యడానికే కేటాయించాడు. అది మామూలు మర్యాద కాదు. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి ఒట్టి కాఫీ తాగి వెళ్ళిపోతే అతనికి అవమానం. టిఫిన్ తిని వెళ్ళిపోతే మనస్తాపం. భోజనం చేసి వెళ్తే సరే గాని, భోజనం చేసిన మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో ఎలా పంపిస్తారు? కాసేపు నడుం వాల్చాలి. లేచాక టీ తాగాలి. టీ ఒట్టిగా తాగరు కాబట్టి వేడివేడిగా నాలుగు పునుగులు వెయ్యాలి. ఇంతలో పొద్దు వాలిపోతుంది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చి సాయంత్రం దాకా ఉండిపోయినవాళ్ళు ఆ ఊళ్ళో పదిమందైనా ఉంటారు. ఒకాయన మిగతా శుభలేఖలు పంచకుండానే వాళ్ళింట్లో పెళ్ళి అయిపోయిందని కూడా చెప్పుకుంటారు గాని, అది కాస్త పెంచి చెప్పిన మాట.

ఇంత మర్యాద నోటి మాటతో అయ్యే పని కాదు. దానికి అతని దగ్గర ఒక పద్ధతి ఉంది. వచ్చిన మనిషి చెప్పులు విడుస్తుండగానే, "బండి ఎండలో పెట్టారేవండీ, తాళం ఇలా ఇవ్వండి, నీడలో పెట్టిస్తాను" అంటాడు. అన్నట్టే బండి నీడలో పెట్టిస్తాడు, అందులో మోసం లేదు. తాళం మాత్రం తన చొక్కా జేబులోకి పోతుంది. ఇంక అది బయటికి రావాలంటే విస్తరి ఎత్తాల్సిందే. వెళ్తామని లేచినవాళ్ళని చూసి, వెళ్దురుగాని ఆపేదెవరంటూ జేబు మీద చెయ్యి వేసుకుని నవ్వుతాడు. మనుషులంటే తనకి ప్రాణమనీ, తనంటే మనుషులకి ప్రాణమనీ అతని నమ్మకం. అందులో మొదటి సగం నిజం.

ఆ నమ్మకానికి ఒక్కచోట చిల్లు పడింది. సొంత అక్క చంద్రకళ తొమ్మిదేళ్ళుగా అతని గుమ్మం తొక్కలేదు.

చంద్రకళది కామవరపుకోట. భర్త తాతాజీ, ఒక్కతే కూతురు అఖిల. తొమ్మిదేళ్ళ కిందట ఆ పిల్లకి డాక్టరు చదువుకి సరిపోయే ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ విజయవాడలో. పొద్దున్నే కారులో బయల్దేరి, దారిలోనే కదా అని ఏలూరులో మేనమామకి ఒక దణ్ణం పెట్టించడానికి ఆగారు. అయిదు నిమిషాలనుకున్నారు. అమరేశ్వరరావుకి ఆనందంతో కాళ్ళు నేల మీద నిలవలేదు. కాబోయే డాక్టరమ్మ ఇంటికి వస్తే ఇడ్లీ పెట్టి పంపిస్తాడా? బావగారి దగ్గర తాళం తీసుకుని, కారు చెట్టు కింద పెట్టి, కొల్లేరు కొర్రమీను పట్టుకొస్తానంటూ స్కూటరెక్కి చేపల మార్కెట్టుకి వెళ్ళిపోయాడు. కారు తాళం జేబులోనే ఉంది. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. సర్టిఫికెట్ల ఫైలు కారులో ఉంది కాబట్టి వాళ్ళు బస్సెక్కడానికి కూడా లేకపోయింది. అతని భార్య కుసుమకుమారి, "ఇదిగో వచ్చేస్తారండీ అన్నయ్యగారూ, ఇదిగో వచ్చేస్తారు" అంటూ గంటా పది నిమిషాలు గేటు దగ్గరే నిలబడింది. అతను రాగానే, సంచీలో ఏముందో కూడా చూడకుండా తాళం లాక్కుని వెళ్ళిపోయారు. వీళ్ళు చేరేసరికి అఖిల పేరు పిలవడం, ఆ తర్వాతివాళ్ళని పిలవడం, ఆ పిల్లకి రావలసిన సీటు ఇంకెవరికో వెళ్ళిపోవడం అన్నీ అయిపోయాయి.

అక్కా తమ్ముళ్ళు గొడవపడలేదు. ఆ వైపు మనుషులు కోపాన్ని కూడా మర్యాద చెడకుండానే నడుపుతారు. పెళ్ళిళ్ళలో ఎదురైతే బాగున్నావా అంటే బాగున్నానని చెప్పుకునేవాళ్ళు. ఒకసారి ఇంటికి రాకూడదా అని అతనంటే, వీలు చూసుకుని వస్తాంలే అనేది ఆవిడ. తొమ్మిదేళ్ళలో ఆ వీలు కుదరలేదు. అఖిల తాడేపల్లిగూడెం దగ్గర ఉద్యాన కాలేజీలో చదివి, చింతలపూడిలో ఆయిల్‌పామ్ రైతులకి సలహాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందని ఎవరైనా అడిగితే అమరేశ్వరరావు, హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఆ లారీలు, ఆ హారన్లు అతనికి కళ్ళకి కట్టినట్టు కనిపించసాగాయి. జేబులో ఎవరి తాళమైనా చేతికి తగిలినప్పుడు మాత్రం లోపల ఎక్కడో కలుక్కుమనేది. అది ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఏడాది తాడేపల్లిగూడెంలో ఒక చుట్టాలింటి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు అతను ఒక పలకని చూశాడు. గోడకి బిగించిన పెద్ద టీవీలాంటి తెర అది. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీ, గీజరు, మోటారు అన్నీ దాని మీదే వేలితో నొక్కి నడపొచ్చు. అమరేశ్వరరావుకి లైట్ల సంగతి అక్కర్లేదు. అతను చూసింది ఇంకొకటి. భోజనాలై చేతులు కడుక్కున్న జనం వెళ్ళకుండా ఆ పలక చుట్టూ మూగి గంటసేపు నిలబడిపోయారు. తాళాలు తీసుకోకుండానే మనుషుల్ని ఆపగల యంత్రం ఉందని అతనికి ఆ రోజే తెలిసింది. వారం తిరక్కుండా అలాంటిదే తన హాల్లో, సోఫాకి ఎదురుగా, తాతగారి ఫోటో ఉండే చోట పెట్టించుకున్నాడు. తాతగారు భోజనాల గదిలోకి మారారు.

బిగించడానికి వచ్చిన వినయ్ ఇంజినీరింగ్ చదివినవాడు, నెమ్మదస్తుడు. మేడ మీది ట్యాంకు నిండి పొంగిపోతూ ఉంటుందని కుసుమకుమారి చెబితే, మోటారుకి టైమరు పెట్టాడు. నొక్కగానే తెర మీద ఇరవై అయిదు నిమిషాలు పడతాయి, సెకను సెకనుకీ తగ్గుతూ వచ్చి, సున్నా అయ్యేసరికి మోటారు ఆగిపోతుంది. ఆ అంకెలు పక్కన ఒక మూల చిన్నగా కనపడేలా అమర్చాడు. అమరేశ్వరరావుకి అది నచ్చలేదు. అంత తెర పెట్టుకుని అంకెలు చీమల్లా ఉంటే ఎలాగన్నాడు. గేటు దగ్గర్నుంచి చూసినా కనపడాలన్నాడు. వినయ్ పెద్దవి చేశాడు. ఇంకా పెద్దవి కావాలన్నాడు. కింద 'మోటారు' అన్న మాట అడ్డం వస్తోంది, అంతకంటే పెరగవని వినయ్ చెబితే, మోటారు సంగతి మనకి తెలుసు కదా, ఆ మాట తీసెయ్యమన్నాడు.

"హాల్లో కూర్చున్నవాళ్ళకి అదొక్కటే కనపడుతుందండీ, ఇంకేం కనపడదు" అన్నాడు వినయ్ ఆఖరి ప్రయత్నంగా.

"కనపడాలనే కదండీ పెట్టిస్తున్నాను" అన్నాడు అమరేశ్వరరావు.

ఆఖరి అయిదు నిమిషాలూ అంకెలు ఎర్రబడేలా, ఆఖరి నిమిషమంతా టిక్కు టిక్కుమనేలా, సున్నా అవగానే గుళ్ళో గంట కొట్టినట్టు మోగేలా కూడా చేయించుకున్నాడు. డబ్బు ఇచ్చాక అన్నీ ఉండాలని అతని వాదం.

ఆ పలక ముందు కూర్చున్న మొదటి అతిథి రాజరత్నం. రిటైరైన పోస్ట్‌మాస్టరు, అదే కాలనీ. మురుగుకాలవ గురించి రాసిన అర్జీ మీద సంతకం పెట్టించుకోవడానికి వచ్చాడు. తాళం మామూలుగానే జేబులోకి వెళ్ళింది. ఆయన ఇంట్లోవాళ్ళకి భోజనానికి చూడొద్దని చెప్పే వచ్చాడు. అంతలో కుసుమకుమారి వంటింట్లో నీళ్ళు రావడం లేదని వచ్చి, పలక మీద నొక్కి వెళ్ళింది. రాజరత్నం కళ్ళెదుట మూరెడు పొడవు అంకెలు వెలిగాయి. ఇరవై అయిదు. ఆ వెంటనే ఇరవై నాలుగు నిమిషాల యాభై తొమ్మిది సెకన్లు.

రాజరత్నం ఆ అంకెల్ని చూశాడు, అమరేశ్వరరావుని చూశాడు, మళ్ళీ అంకెల్ని చూశాడు. ఆ ఇంట్లో తను సోఫాలో కూర్చోవడం, ఆడమనిషి వచ్చి నొక్కడం, లెక్క మొదలవడం అన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి. చదువుకున్నవాడికి ఇంకేం చెప్పాలి? కాఫీ రాగానే నోరు కాలుతున్నా ఊదుకుంటూ తాగేశాడు. సంతకం అయింది. పెసరట్టు సగం తిన్నాడు. అంకెలు ఎర్రబడగానే నిలబడి, తాళం కోసం చెయ్యి చాపాడు. అది మోటారండీ, కూర్చోండి అంటే, తెలుసండీ, అయ్యో, ఆ మాత్రం తెలీదా అన్నాడు. టిక్కు టిక్కు మొదలయ్యేసరికి ఆయన మొహం చూసి అమరేశ్వరరావు కంగారుపడి తాళం ఇచ్చేశాడు. గంట మోగేసరికి రాజరత్నం గేటు దాటి స్కూటరు మీద ఉన్నాడు. ఆ ఇంటి చరిత్రలో అంత తొందరగా బయటపడిన మనిషి లేడు.

సాయంత్రానికి సంగతి కాలనీ అంతా పాకింది. అమరేశ్వరరావు మారిపోయాడట, చుట్టాలకి టైము పెట్టాడట అని చెప్పుకున్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంటింటికీ వెళ్ళి అది మోటారు టైమరని చెప్పుకున్నాడు. వెళ్ళిన ప్రతిచోటా అందరూ మెత్తగా, మాకు తెలీదా అండీ, మీ సంగతి మాకు తెలీదా అన్నారు. ఒక్కరూ నమ్మలేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ పలక పీకించెయ్యడానికి వినయ్‌కి ఫోను చేశాడు.

కానీ వినయ్ వచ్చేలోగా ఇంకో వింత మొదలైంది. జనం రావడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి ఆ వీధి తప్పించి పక్క వీధిలోంచి వెళ్ళేవాళ్ళు కూడా గేటు తీసుకుని వచ్చారు. కుశలం అడిగారు, కాఫీ తాగారు, గారెలు తిన్నారు, నవ్వుకుంటూ వెళ్ళారు. ఒక్కరోజులో ఆరుగురు. అందరూ పొద్దున్న ఏడింటికే, అదీ కుసుమకుమారి మోటారు వేసే వేళకే వస్తున్నారని అతను గమనించలేదు. తన మంచితనం ఇన్నాళ్ళకి జనానికి అర్థమైందనుకుని, వినయ్‌కి మళ్ళీ ఫోను చేసి రావద్దని చెప్పాడు.

పదిరోజులు ఆ సంతోషంలో గడిచాయి. పదకొండో రోజు గోడ ఇవతల మందారాలు కోస్తుంటే, గోడ అవతల రాజరత్నం ఎవరికో చెబుతున్న మాట వినపడింది.

"ఇదివరకైతే నేనూ భయపడేవాణ్ణండీ. ఇప్పుడు ఫరవాలేదు. మోటారు వేసే టైముకి వెళ్ళండి, ఇరవై అయిదు నిమిషాల్లో బయటపడిపోవచ్చు. కాఫీ మాత్రం చాలా బాగుంటుంది."

అమరేశ్వరరావు చేతిలో పూలతో అలాగే లోపలికి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆ సోఫాలో అతిథి కూర్చునే వైపు కూర్చోవడం అదే మొదలు. అక్కణ్ణించి చూస్తే గుమ్మం చాలా దూరంగా ఉంది. భార్యని పిలిచి, నిజం చెప్పమన్నాడు. కుసుమకుమారి చేతులు కొంగుకి తుడుచుకుంది. అతన్ని నొప్పించడం ఆవిడకి ఇష్టం లేదు, అబద్ధం చెప్పే ఓపిక కూడా అయిపోయింది.

"మనింట్లో తినడం అందరికీ ఇష్టమేనండీ. వెళ్ళడమే కుదరదు" అంది.

అతనికి కోపం రాలేదు. సిగ్గు వేసింది. ఆ సిగ్గు రాజరత్నం గురించి కాదు. తొమ్మిదేళ్ళుగా ట్రాఫిక్కు కింద కప్పెట్టిన సంగతి పైకి తేలింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఫోను మీద అక్క పేరు. తొమ్మిదేళ్ళలో ఆవిడ తనంతట తను ఫోను చెయ్యడం అతనికి గుర్తులేదు.

మీ ఇంట్లో ఏదో టైమరు పెట్టావట, రాజరత్నంగారి తమ్ముడు మా ఊళ్ళో చెప్పాడు అంది చంద్రకళ. అది మోటారుకక్కా అనబోయాడు. దేనికైతేనేం అని ఆవిడ కొట్టిపారేసింది. ఆదివారం ఏలూరులో పనుందనీ, ముగ్గురం వస్తున్నామనీ చెప్పింది.

"ఎన్నింటికి వేస్తావు మోటారు?"

"పదకొండింటికి వెయ్యనా అక్కా? కావాలంటే గంటసేపు పెట్టిస్తాను."

"ఇరవై అయిదు నిమిషాలు చాలు" అని ఫోను పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నుంచీ అమరేశ్వరరావు ఇంట్లో నిలకడగా నిలబడలేదు. ట్యాంకు నిండుగా ఉంటే మోటారు వెయ్యడం కుదరదని, పంపులన్నీ తిప్పి మొక్కలకి, వాకిలికి, చివరికి రోడ్డుకి కూడా నీళ్ళు పట్టి ఖాళీ చేయించాడు. వంటింట్లో పదకొండు రకాలు తయారయ్యాయి. ఇరవై అయిదు నిమిషాల్లో పదకొండు రకాలు ఎలా తినిపించాలో కాగితం మీద రాసుకున్నాడు. అందులో ఆఖరి రెండు నిమిషాలకి ఎదురుగా ఏ పలహారమూ రాయలేదు. ఒక గీత మాత్రం గీసుకున్నాడు. ఆ గీత దగ్గర ఏం మాట్లాడాలో అతనికి తెలుసు, ఎలా మాట్లాడాలో తెలియలేదు.

కారు సరిగ్గా పదకొండింటికి ఆగింది. చంద్రకళ జుట్టు సగం నెరిసింది. అఖిల ఎండకి కాస్త నల్లబడి, చలాకీగా ఉంది. తాతాజీ కారు దిగుతూనే తాళం చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి పెట్టుకుని నడిచి వచ్చారు. అమరేశ్వరరావు నోటికి అలవాటైన మాట పెదవుల దాకా వచ్చింది. కారు నడి ఎండలో ఉంది.

"అక్కడే ఉండనివ్వండి బావగారూ" అన్నాడు కష్టం మీద.

కుసుమకుమారి పలక మీద నొక్కింది. అంకెలు కదిలాయి. కాఫీలు వచ్చాయి, గారెలు వచ్చాయి, పూర్ణాలు వచ్చాయి. మూడో పూర్ణానికి తాతాజీ వద్దంటే అతను ఇంకొకటి వేశాడు, అది అతని చేతిలో లేదు. కామవరపుకోటలో వానల గురించి, చింతలపూడి తోటల గురించి, పెదపాడు చెరువు గురించి మాట్లాడుకున్నారు. మాటలన్నీ ఒకదాన్నొకటి ముట్టుకోకుండా జాగ్రత్తగా నడిచాయి. పది నిమిషాలున్నాయి, ఎనిమిదున్నాయి. దారి ఎలా ఉందని కుసుమకుమారి అడిగితే, ఖాళీగానే ఉంది, ట్రాఫిక్ లేదన్నారు తాతాజీ. ఆ మాటకి అమరేశ్వరరావు పులిహోర గిన్నె అందుకున్నాడు. అంకెలు ఎర్రబడ్డాయి.

అమరేశ్వరరావు చేతిలో పులిహోర గిన్నె ఉంది. దాన్ని పట్టుకుని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి తిరుగుతూ, కాగితం మీది గీత దాటిపోతోందని గ్రహించాడు. తొమ్మిదేళ్ళు చేతిలో ఉన్నప్పుడు రాని మాట ఒక్క నిమిషంలో ఎక్కణ్ణించి వస్తుంది? టిక్కు టిక్కు మొదలైంది. చంద్రకళ చేతిసంచీ తీసుకుంది.

"ఆ రోజు ట్రాఫిక్ లేదక్కా" అన్నాడు. "తాళం నా జేబులో ఉంది. గంటకి పైగా నేనే తిరిగాను. అఖిలా, నీ సీటు నా వల్లే పోయిందమ్మా."

టిక్కు టిక్కుమంటూనే ఉంది. అతను గిన్నె కింద పెట్టడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. అందరికంటే ముందు అఖిల మాట్లాడింది.

"ఆ రోజు కొర్రమీను దొరికిందా మావయ్యా?"

అతను తల వంచుకున్నాడు.

"లేదమ్మా. రోజూ దొరికే బొచ్చె చేపే తెచ్చాను."

తాతాజీ మెల్లగా, "బొచ్చె" అన్నారు. చంద్రకళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో అతనికి తెలియలేదు, బహుశా ఆవిడకీ తెలిసి ఉండదు. గంట మోగింది, మోటారు ఆగింది. అమరేశ్వరరావు పులిహోర గిన్నె టీపాయ్ మీద పెట్టి, గుమ్మం వైపు నడిచాడు.

"ఎక్కడికిరా?" అంది చంద్రకళ.

"గేటు తీద్దామని."

ఆవిడ కళ్ళు తుడుచుకుని చేతిసంచీ మళ్ళీ పక్కన పెట్టింది. "ఇంకో పది నిమిషాలు పెట్టు" అంది.

అతను పలక దగ్గరికి వెళ్ళాడు. గంటసేపు పెట్టొచ్చు, సాయంత్రం దాకా పెట్టొచ్చు, ఆ యంత్రం దేనికీ అడ్డు చెప్పదు. వేలు కాసేపు గాలిలో ఆగింది. చివరికి పదే పెట్టాడు. నిండిన ట్యాంకు మూడో నిమిషానికల్లా పొంగి, నీళ్ళు మేడ మీంచి వాకిట్లోకి పడుతున్న చప్పుడు వినపడింది. ఎవరూ లేవలేదు. తాతాజీ ఇంకో పూర్ణం తీసుకుని, జేబులోంచి కారు తాళం తీసి టీపాయ్ మీద పెట్టారు.

అమరేశ్వరరావు దాన్ని ముట్టుకోలేదు.